కోస్టారికా నుంచి పనామాకు రోడ్డు మీద

కోస్టారికా రాజధాని సాన్ హోసే నుంచి పనామా సిటీకి విమానంలో గంటన్నర కూడా పట్టదు. అయినా బస్సులోనే వెళ్లమంటాను. నేరుగా వెళ్లే బస్సు కంటే పగటిపూట విడతలుగా వెళ్లడం మేలు. 3,300 మీటర్ల ఎత్తు దాటే సెర్రో దె లా మ్యూర్తె ఘాట్ రోడ్డును చీకట్లో పోగొట్టుకోవద్దు. స్వెటర్ చేతి సంచిలోనే ఉంచుకోండి, అక్కడ చలి గట్టిగానే ఉంటుంది.

సరిహద్దు ఊరు పాసో కనోవాస్. గేటూ కంచే కనిపించవు, బజారు మధ్యలోంచే గీత పోతుంది. స్టాంపు లేకుండానే పనామా వైపు దుకాణంలోకి నడిచి వెళ్లిపోవచ్చు, అదే ప్రమాదం. ముందు కోస్టారికా ఎగ్జిట్ ట్యాక్స్ కట్టి రసీదు తీసుకోవాలి, తర్వాత ఎగ్జిట్ స్టాంపు, ఆపైన పనామా ఇమిగ్రేషన్. అక్కడ తిరుగు టికెట్, చేతిలో డబ్బున్నట్టు రుజువు అడుగుతారు. రెండూ ప్రింటు తీసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. గడియారం గంట ముందుకు జరుపుకోండి.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. గడువున్న మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా ఉంటే ఈ రెండు దేశాలకూ విడిగా వీసా అక్కర్లేదు. షరతులు మారుతుంటాయి కాబట్టి కాన్సులేట్‌లో కనుక్కునే బయల్దేరండి.

సరిహద్దు దాటాక వచ్చే డేవిడ్ పట్టణంలో ఆగాల్సిన పని లేదు, వేడి తప్ప ఏమీ లేదు. బస్సు మారి కొండ ఊరు బొకేతే వెళ్లిపోండి. ఈ దారి మొత్తంలో నాకు బాగా నచ్చిన మజిలీ అదే. కొండ వాలంతా కాఫీ తోటలు, కాళ్లదాకా జారే రంగురంగుల గౌనుల్లో ఎంగోబె ఆదివాసీ ఆడవాళ్లు, సాయంత్రం సన్నటి తుంపర. గేషా కాఫీకి పేరొచ్చింది ఇక్కడి తోటలతోనే. కప్పు ఖరీదెక్కువే, కానీ ఒక్కసారైనా తాగాలి, మల్లెపూల వాసన వస్తుంది. తోటల మధ్య చిన్న లాడ్జిలు ఊరి నడుమ హోటళ్ల కంటే హాయి. వెనకాలే 3,400 మీటర్లు దాటిన బారు అగ్నిపర్వతం. మబ్బు లేని తెల్లవారుజామున దాని కొననుంచి పసిఫిక్, కరీబియన్ రెండూ కనిపిస్తాయి.

శాకాహారులు భయపడొద్దు. అన్నం, బీన్స్, వేయించిన అరటిపండు ఎక్కడైనా దొరుకుతాయి. “సిన్ కార్నె” అంటే మాంసం లేకుండా పెడతారు.

పనామా సిటీలో పాత పట్టణం కాస్కో వియెహో అందంగా ఉంటుంది గానీ గదుల ధరలు భారం. వియా ఎస్పాన్యా వైపు మెట్రో దగ్గర బస చేస్తే ఆల్‌బ్రూక్ బస్టాండుకు సులువు, అక్కడి నుంచి పనామా కాలువ మీది మిరాఫ్లోరెస్ లాకులకు బస్సుంది. 1914లో తెరిచిన కాలువలో ఓడ కళ్లముందే పైకి లేస్తుంటే కదలబుద్ధి కాదు. ఓడలు వచ్చే వేళ కనుక్కుని వెళ్లండి, లేకపోతే ఖాళీ నీళ్లే చూస్తారు.

పనామా సిటీ దాటి ముందుకు పోతే రోడ్డు యావీసా అనే ఊరి దగ్గర ఆగిపోతుంది. ఆపైన కొలంబియా దాకా సుమారు 100 కిలోమీటర్లు దారియెన్ అడవి, ఆ సాహసం వద్దు. కొలంబియాలోని కార్తహేనాకు విమానం ఎక్కేయండి.