మా వనస్థలిపురంలో బీఎస్ఎన్ఎల్ ఫైబర్, నా రివ్యూ

2000లో బీఎస్ఎన్ఎల్ అవ్వకముందు నుంచీ ఉన్న ల్యాండ్‌లైన్ మాది, ఇప్పుడు రాగి తీగ పోయి ఫైబర్ వచ్చింది కానీ నంబర్ మాత్రం పాతదే ఉంచారు, మా అమ్మకి అది చాలు, చుట్టాలందరి డైరీల్లో ఆ నంబరే ఉంది మరి. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు మా కాలనీవాడే, వెంట్రుకంత గాజు తీగని మెషిన్‌లో పెట్టి అతికించి, డబ్బాలో పచ్చ లైటు వెలిగాక అమ్మతో పిన్నికి ఫోన్ చేయించి మరీ కదిలాడు. మొన్న గాలివానకి చెట్టుకొమ్మ పడి వైరు తెగితే మా ఒక్క ఇల్లే కాదు వీధి మొత్తం చూసి వెళ్లాడు, సూపర్ అసలు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పాత ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఫైబర్‌కి అలా కాదు, కరెంటు పోతే ఫోనూ పోతుంది, పెద్దవాళ్లుంటే చిన్న యూపీఎస్ పెట్టించండి ప్లీజ్.