అలిపిరి మెట్ల దారిలో ఆరడుగుల దూరం

కరోనా రోజుల్లో, 2021 ఫిబ్రవరిలో 300 రూపాయల దర్శనం టికెట్లు దొరకగానే, తిరుమల కొండకు అలిపిరి మెట్ల దారిలో నడిచే వెళ్ళాలని నేనూ మా తమ్ముడూ నిశ్చయించుకున్నాము. తిరుపతి స్టేషను దగ్గర మేము దిగిన లాడ్జిలో శానిటైజరు సీసా ఖాళీగా ఉండగా, గదికి కిటికీ కూడా లేకపోవడంతో తెల్లవారకముందే ఖాళీ చేశాము. తిరుగు ప్రయాణంలో అలిపిరి వైపు బస చేసిన చిన్న లాడ్జికి అద్దె కొంత ఎక్కువైనా, రెండు వైపులా కిటికీలు ఉండటం వల్ల నేను దానికే ఓటు వేస్తాను.

సుమారు 3,550 మెట్లున్న ఈ దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కువ. చెమటకు తడిసిన మాస్కు ముక్కుకు అతుక్కుపోతుంటే, దానిని గడ్డం కిందికి లాగి "గోవిందా" అనేవారే చాలామంది. ఊపిరాడనప్పుడు మాస్కు దించడం తప్పని నేననను. కానీ నడిమెట్టు మీద నిలబడి కాకుండా, పక్కకు తప్పుకుని, ఎవరూ లేని వైపు తిరిగి దించుకోవలసింది.

మా ముందు ఒక నడివయసు ఆవిడ మొక్కు ప్రకారం మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమబొట్టు పెడుతూ వెళ్తున్నారు. వంగిన ప్రతిసారీ జారుతున్న మాస్కును ఆ చేతితోనే పైకి లాక్కోవడం వల్ల దాని మీద కూడా ఎర్రని వేలిముద్రలు పడ్డాయి. వెనకాల ఒకే మెట్టు ఎడంతో పదిమంది గుమిగూడగా, మేము నాలుగైదు మెట్ల కింద ఆగడం చూసి, "మీరు వెళ్ళండి నాయనా, నాకింకా చాలా ఉన్నాయి" అంటూ గోడవారకు ఒదిగారు. మేము అవతలి అంచు నుంచి దాటాము. మోకాలి మెట్టు దగ్గర మోకాళ్ళతో ఎక్కేవారి వెనక కూడా ఇలాగే ఆగవలసి వచ్చింది. వారిని తొందరపెట్టడం మర్యాద కాదు.

నిజానికి ఈ దారిలో నన్ను భయపెట్టినవి మెట్లు కావు, మజ్జిగ అమ్మే చోట్లు. అక్కడ అందరి మాస్కులూ ఒకేసారి దిగేవి. గ్లాసు తీసుకుని ఇరవై అడుగులు నడిచాక తాగితే సరిపోయేది.

అంతకు ముందెప్పుడో ఎక్కిన మరో కాలిదారి శ్రీవారి మెట్టు 2.1 కిలోమీటర్లే, మెట్లు 2,388. మోకాళ్ళు గట్టివైతే అదే త్వరగా పూర్తవుతుంది. అయితే ఎడంగా నడవడానికి, మండపాల్లో విడివిడిగా కూర్చోవడానికి అలిపిరి దారే నయం. దర్శనమయ్యాక దిగువకు వచ్చిన బస్సులో మాత్రం సీట్లన్నీ నిండాయి. పొద్దుటి నుంచి పాటించిన దూరమంతా ఆ ప్రయాణంలో పోయింది.