అయిదు హాళ్లు చూశాం, నాలుగు వదిలేశాం

చిన్న ఊళ్లో నాటకం వేయాలంటే నటులు దొరుకుతారు, హాలే దొరకదు. మాది 6 పాత్రల నాటకం, గంటంపావు నిడివి, ఎక్కువ సీన్లు మామూలు గొంతుతో మాట్లాడుకునేవి, మధ్యలో ఒక చోట గుసగుస కూడా ఉంది. మైకులు వద్దని ముందే అనుకున్నాం. ఓ 100 మంది పైన వస్తారని అంచనా. రెండు వారాలు తిరిగి అయిదు చోట్లు చూశాం. పేర్లు చెప్పను, ఇలాంటివి ఏ ఊళ్లో అయినా ఉంటాయి.

ముందు ఫంక్షన్ హాల్. నున్నటి రాతి నేల, ఒక పక్కంతా అద్దాలు, ఎత్తయిన సీలింగ్, చూస్తే కళ్లు చెదిరిపోతాయి. అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది, అడ్వాన్స్ ఇచ్చేద్దాం అనుకుంటుండగా మాలో ఒకాయన స్టేజీ మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు పోదే! లెక్కపెడితే మూడు సెకన్లు దాటింది. మాట తేటగా వినబడాలంటే ఆ మోత ఒక సెకనుకు అటూ ఇటూగా అణిగిపోవాలి. సంగీతానికైతే కాస్త ఎక్కువున్నా అందమే, బోస్టన్ సింఫనీ హాల్ జనంతో నిండినప్పుడు 1.9 సెకన్ల దాకా ఉంటుంది. మాకు మాత్రం ఒక మాట తోక ఇంకో మాట తల మీద పడుతూ, డైలాగ్ అంతా గింగురుమంటూ, ఏమన్నారో మాకే అర్థం కాలేదు. "మైకులు పెట్టుకోండి సార్, సరిపోతుంది" అన్నాడు మేనేజర్. సరిపోదు. మైకు పెడితే మాటతో పాటు మోత కూడా పెరుగుతుంది.

ఇది పాత జబ్బే లెండి. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో పాఠం ఎవరికీ వినబడటం లేదని వాలెస్ సేబిన్ అనే ఫిజిక్స్ మాస్టారికి పని అప్పగించారు. అక్కడ మోత అయిదున్నర సెకన్లు. ఆయన రాత్రిపూట పక్క థియేటర్ నుంచి సీట్ల కుషన్లు మోయించుకొచ్చి పరిచి, ఆర్గన్ పైపు ఊది, మోత ఎంతసేపటికి పోతుందో కొలిచి, పొద్దున్నే మళ్లీ వాటిని పంపించేసేవాడు. హాలు ఎంత పెద్దదైతే మోత అంత, మెత్తటి వస్తువులు ఎన్ని ఉంటే అంత తగ్గుతుంది, ఆయన తేల్చింది క్లుప్తంగా ఇదే. మనుషులు కూడా మెత్తటి వస్తువులే, అందుకే ఖాళీ హాల్లో రిహార్సల్ చేసి భయపడినంత ఘోరంగా షో రోజు ఉండదు. కానీ మూడు సెకన్లని ఒకటికి దించడం 100 మంది జనంతో అయ్యే పని కాదు, కార్పెట్లు, దుప్పట్లు లారీలో తేవాలి. వదిలేశాం.

రెండోది స్కూల్ ఆడిటోరియం. స్టేజీ లోతుగా ఉంది, రెండు పక్కలా వింగ్స్, వెనక గ్రీన్ రూమ్, కర్టెన్ కూడా పనిచేస్తోంది. ఒక్కటే చిక్కు, వెనక ఖాళీ సిమెంటు గోడ. స్టేజీ నుంచి అక్కడికి 20 మీటర్ల పైనే. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, అంటే మాట ఆ గోడకు కొట్టుకుని తిరిగి రావడానికి సెకనులో పదో వంతు కన్నా ఎక్కువ పడుతుంది. అంత ఆలస్యమైతే చెవికి అది రెండో మాటే. ముందు వరుసలో కూర్చున్న నాకు ప్రతి డైలాగూ రెండుసార్లు వినబడింది. వెనక గోడకు దళసరి తెరలు కడతామంటే మేకులు కొట్టొద్దన్నారు.

మూతపడిన సినిమా హాలు వదులుకోవడమే బాధేసింది. సీట్లు మెట్లలా ఉన్నాయి, ఎవరి తలా ఎవరికీ అడ్డం రాదు. సినిమాలో రావాల్సిన మోత సినిమాలోనే రికార్డయి ఉంటుంది కాబట్టి ఈ హాళ్లను వీలైనంత మోత లేకుండా కడతారు. బాగానే ఉంది కానీ గోడలు మా గొంతులు కూడా మింగేశాయి, చివరి వరుసలో గుసగుస అసలు లేదు. పైగా తెరకీ మొదటి వరుసకీ మధ్య 5 అడుగులు. ఆరుగురం వరుసగా నిలబడితే గ్రూప్ ఫొటో దిగుతున్నట్టుంది.

ఆరుబయట వేదిక గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గాలి ఎటు వీస్తే డైలాగ్ అటు పోయింది.

చివరికి దొరికింది లైబ్రరీ పైన మీటింగ్ గది. మొదటిసారి చూసి మొహం చిట్లించాను, ఇదేం స్టేజీ అని. స్టేజీయే లేదు. చెక్క నేల, మూడు వైపులా పుస్తకాల బీరువాలు, తలుపుల్లేనివి. చప్పట్లు కొడితే అలా వచ్చి ఇలా పోయింది, ఒక సెకను కూడా లేదు. పుస్తకాలు కొంత చప్పుడు పీల్చుకుంటాయి, ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల మిగతాదాన్ని తలో వైపు చెదరగొడతాయి. గుసగుస చివరి కుర్చీ దాకా వెళ్లింది. అక్కడే అద్దె సంగతి మాట్లాడేశాం.

లోపాలు లేవని కాదు. నేల చదును, అడుగున్నర ఎత్తు ప్లాట్‌ఫారం వేసినా కింద కూర్చునే సీన్ వెనకవాళ్లకు కనబడలేదు, ఆ సీన్ నిలబడి చేయాల్సొచ్చింది. స్టేజీ మీదకి వెలుగు కొట్టే మా పాత పార్ లైట్లు ఒక్కొక్కటి 1000 వాట్లు, ఎనిమిది వేస్తే 8 కిలోవాట్లు, ఆ గది వైరింగ్ చూసి ఎలక్ట్రీషియన్ చేతులెత్తేశాడు, ఎల్ఈడీలు తెచ్చుకున్నాం. మేకప్‌కి మెట్ల కింద జాగానే గతి. ఫ్యాన్లు బాగా చప్పుడు, గుసగుస సీన్‌కి ఆపేసి జనాన్ని చెమటలు పట్టించాం, ఎవరూ తిట్టలేదు.

5కి 4 ఇస్తాను. బుక్ చేసుకునేవాళ్లు ఎడమవైపు మూడో వరుసలో గోడ వైపు రెండు కుర్చీలు తీసేయించండి, అక్కడ స్తంభం అడ్డం. మేం చూసుకోలేదు, మా రచయితనే అక్కడ కూర్చోబెట్టాం.