శీతాకాలపు బేస్‌బాల్ యాప్: స్కోరు నమ్మొచ్చు, తేదీ సరిచూసుకోవాలి

అయిదు సీజన్లు రోజూ వాడాక తేలింది ఇది: వింటర్ లీగ్, అంటే శీతాకాలంలో లాటిన్ అమెరికా దేశాల్లో జరిగే బేస్‌బాల్ లీగుల ఫలితాలు చూపించే ఈ ఉచిత యాప్‌లో పరుగుల లెక్క తప్పడం అరుదు. తప్పేది తేదీ. ఆట జరిగిన తేదీ, సీజన్ సంవత్సరం, ఆటగాడి పుట్టిన తేదీ, మూడూ మూడు రకాలుగా జారిపోతుంటాయి. యాప్ పేరు రాయడం లేదు. ఇదే తీరులో నడిచేవి నాలుగైదు ఉన్నాయి, ఇంచుమించు అన్నింటికీ ఈ మాటలే సరిపోతాయి.

ముందు బాగున్నది చెప్పాలి. డొమినికన్, మెక్సికో పసిఫిక్, వెనెజులా, ప్యూర్టో రికో లీగులు నాలుగూ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఇన్నింగ్స్ వారీ స్కోరు రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఈ లీగుల విజేతలు తలపడే, ఫిబ్రవరి మొదట్లో జరిగే కరీబియన్ సిరీస్ కూడా అందులోనే. కింద "ఈ రోజు పుట్టినవాళ్లు" అని ఒక వరుస ఉంటుంది. మొదట అలంకారం అనిపిస్తుంది గానీ, ఈ ఆట చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు రోజూ చూసేది ఆ వరుసే.

ఇక సమయం సంగతి. శాంటో డొమింగోలో రాత్రి 7:30కి మొదలైన ఆట మనకు మర్నాడు తెల్లవారి 5 గంటలకు. వెనెజులా, ప్యూర్టో రికోలకూ ఇదే తేడా, తొమ్మిదిన్నర గంటలు. మెక్సికో అలా కాదు, ఒకే లీగులో మూడు గడియారాలు. గ్వాదలహారా దగ్గరి హలిస్కో జట్టు సొంత మైదానంలో 7:30 అంటే మనకు ఉదయం 7. ఎర్మొసియో, కులియకాన్‌లలో అదే సమయం మనకు 8. మెహికాలి మాత్రం కాలిఫోర్నియా గడియారం పాటిస్తుంది కాబట్టి నవంబర్ మొదటి ఆదివారం నుంచి 9. పాత ఆటలు వెతికేవాళ్లకు ఇంకో చిక్కు: 2007 డిసెంబర్ నుంచి 2016 మే దాకా వెనెజులా గడియారం అరగంట వెనక్కి ఉండేది, అప్పట్లో మనకూ వాళ్లకూ సరిగ్గా పది గంటల తేడా. యాప్ ఆ కాలపు ఆటలన్నిటికీ ఇప్పటి తేడానే వేసి చూపిస్తుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు నవంబర్ మొదటి ఆదివారం దాకా డొమినికన్ గడియారమే, ఆ తర్వాత గంట తక్కువ. డల్లాస్‌లో రెండు గంటలు తక్కువ, అంటే సాయంత్రం 5:30కే ఆట మొదలు. ఈ లీగులు చూడటానికి ఇంతకన్నా అనువైన చోటు మనవాళ్లకు లేదు.

ఈ తేడా వల్ల యాప్‌లో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ. రొనాల్డ్ అకున్యా జూనియర్ 1997 డిసెంబర్ 18న పుట్టాడు, వెనెజులాలో అతని జట్టు లా గ్వైరా. అక్కడ డిసెంబర్ 17 రాత్రి 7కి మొదలైన ఆట మన ఫోన్‌లో 18 తెల్లవారి 4:30. యాప్ ఫోన్ తేదీ చూసి ఆ ఆటకే కేక్ బొమ్మ తగిలిస్తుంది. అతను ఆడుంటే పేరు పక్కన, ఆడకపోతే పైన పట్టీలో. నిజంగా పుట్టినరోజు నాటి ఆట మనకు 19న వస్తుంది, దానికి బొమ్మ ఉండదు. పుట్టినరోజున హోమ్ రన్ కొట్టినవాళ్ల జాబితా రాసుకునేవాళ్లకు ఒక్క పొరపాటుతో రెండు వరుసలు చెడతాయి.

దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది, కాకపోతే లోపలెక్కడో. "సమయం చూపే విధానం"లోకి వెళ్లి "మైదానం సమయం" ఎంచుకోవాలి. అప్పుడు ఆటల తేదీలు దారికొస్తాయి. పుట్టినరోజుల వరుస మాత్రం ఫోన్ తేదీనే పట్టుకుని ఉంటుంది, ఆ సెట్టింగ్‌కు లొంగదు. కాబట్టి కేక్ బొమ్మను వదిలేసి, ఆట తేదీని మన దగ్గరున్న పుట్టిన తేదీతో పోల్చుకోవడమే దారి. నోటిఫికేషన్లలో "తుది ఫలితం" ఒక్కటే ఉంచండి. "ప్రతి పరుగుకూ" పెడితే తెల్లవారి అయిదింటి నుంచి ఇల్లంతా లేస్తుంది.

పేర్ల గందరగోళం ఇంకో పెద్ద తలనొప్పి. ఆగిలాస్, అంటే గద్దలు, మూడు జట్లకు పేరు: డొమినికన్‌లో సిబావో, వెనెజులాలో సూలియా, మెక్సికోలో మెహికాలి. లియోనెస్, అంటే సింహాలు, ఎస్కొహీదో, కరాకస్, పోన్సే. తీగ్రెస్ అంటే పులులు, లీసెయ్, అరాగ్వా. యాప్ చిన్న తెర మీద మొదటి మాట ఒక్కటే చూపిస్తుంది కాబట్టి "లియోనెస్ 3, తీగ్రెస్ 2" అని వస్తే అది ఏ దేశపు ఆటో చెప్పలేం. 2023 కరీబియన్ సిరీస్ ఫైనల్ సరిగ్గా పులులకూ సింహాలకూ మధ్యే: లీసెయ్ 3-0తో కరాకస్‌ను కరాకస్‌లోనే ఓడించింది. ఆ ఫలితాన్ని డొమినికన్ లీగులోని లీసెయ్, ఎస్కొహీదో ఆటగా రాసుకునే ప్రమాదం నిజంగానే ఉంది. జట్టును పేరుతో కాకుండా ఊరితో గుర్తు పెట్టుకోవాలి. మెక్సికో ఈ విషయంలో హాయి. అక్కడ నాలుగు జట్ల పేర్లు పంటల మీద: కులియకాన్‌ది టమాటా రైతులు, లోస్ మోచిస్‌ది చెరకు రైతులు, గ్వాసావేది పత్తి రైతులు, ఎర్మొసియోది నారింజ రైతులు. మదనపల్లె, అనకాపల్లి, ఆదిలాబాద్ జట్లు కట్టినా ఇవే పేర్లు పెట్టుకోవచ్చు.

స్కోర్‌కార్డు యాప్‌లో ఇంగ్లీషులో వస్తుంది. కానీ లోతైన వివరాల కోసం లీగుల సొంత పేజీలకు వెళ్లాల్సిందే, అక్కడంతా స్పానిష్. ఎక్కువమంది బోల్తా పడేది "జి" అక్షరం దగ్గర. ఇంగ్లీషు పట్టికలో అది ఆడిన ఆటలు, స్పానిష్ పట్టికలో "గనాదోస్", గెలిచినవి. "పి" అంటే పిచర్ (బంతి విసిరేవాడు) కాదు, ఓడినవి. "సి" క్యాచర్ కాదు, కరేరాస్, అంటే పరుగులు. ఆడిన ఆటలకు "జెజె", కొట్టిన షాట్ వల్ల వచ్చిన పరుగులకు "సిఐ", పిచర్ సగటుకు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్కకు, "ఇఎఫ్ఇ". ఈ ఆరూ తెలిస్తే చాలావరకు పట్టిక చదివేయొచ్చు.

పిచర్ సగటు సొంతంగా కట్టుకునేవాళ్లకు దశాంశం దగ్గర ఒక గుంట ఉంది. ఒక ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు, చుక్క తర్వాతి అంకె ఔట్లదే. 5.1 ఇన్నింగ్స్ అంటే అయిదు, ఒకటిలో మూడో వంతు. 6.2 అంటే ఆరు, మూడింట రెండు వంతులు. రెండూ కలిపితే 12, అంతేగానీ 11.3 కాదు. ఆ రెండు ఆటల్లో పిచర్ ఖాతాలో 4 పరుగులు పడితే సగటు 9 × 4 ÷ 12 = 3.00. స్ప్రెడ్‌షీట్‌ను నమ్మి 11.3తో భాగిస్తే 3.19 వస్తుంది. ఔట్ల సంఖ్య ఒక గడిలో పెట్టుకోవాలి, 16 + 20 = 36 ఔట్లు, దాన్ని 3తో భాగించాలి. వింటర్ లీగుల్లో పిచర్లు ఎక్కువగా ఒకటీ రెండూ ఇన్నింగ్సే వేస్తారు, అందుకే ఈ పొరపాటు మామూలు కన్నా పెద్దగా కనిపిస్తుంది.

సీజన్ సంవత్సరం విషయంలో యాప్ మరీ అన్యాయం. 2024-25 డొమినికన్ సీజన్‌ను అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 2024 కింద, జనవరి ప్లేఆఫ్‌లను 2025 కింద విడగొట్టింది. ఆ సీజన్లో ఒకప్పటి పెద్ద ఆటగాడు ఆల్బర్ట్ పుహోల్స్ మేనేజర్‌గా (జట్టును నడిపేవాడిగా) ఎస్కొహీదో లీగూ గెలిచింది, మెహికాలిలో జరిగిన కరీబియన్ సిరీస్ ఫైనల్లో హలిస్కోను 1-0తో ఓడించి కప్పూ తెచ్చుకుంది. యాప్ చూస్తే డిసెంబర్ దాకా ఆడిన జట్టు ఒకటి, ఆ తర్వాత గెలిచిన జట్టు ఇంకొకటి అన్నట్టు ఉంటుంది. మన షీట్‌లో "2024-25" అని అక్షరాలుగానే రాసుకోవాలి, సంఖ్యగా కాదు. 2011-12 లాంటి పాత సీజన్‌ను "11-12" అని కుదిస్తే షీట్ దాన్ని తేదీగా మార్చేస్తుంది.

దశలను కూడా కలిపేస్తుంది. డొమినికన్ లీగులో ఈమధ్య సీజన్లలో ఒక్కో జట్టుకు 50 ఆటలు. ఆరు జట్లు కాబట్టి మొత్తం 150. పై నాలుగు జట్లు రౌండ్ రాబిన్‌కు వెళ్తాయి, ఒక్కోదానికి 18, అంటే మిగతా మూడింటితో ఆరేసి, మొత్తం 36. ఆపైన ఫైనల్. బ్యాటింగ్ కిరీటం, అంటే అందరికన్నా ఎక్కువ బ్యాటింగ్ సగటు, 50 ఆటల లెక్కతోనే, రౌండ్ రాబిన్ హిట్లు అందులో చేరవు. యాప్ "సీజన్ మొత్తం" అని రెండూ కలిపి చూపిస్తుంది. షీట్‌లో "దశ" అని ఒక నిలువు వరుస పెట్టుకుంటే ఈ బాధ లేదు. పైగా సరిచూసుకోవడం తేలిక: మొదటి దశ వరుసలు 150 రావాలి, వెనెజులాలో ఎనిమిది జట్లు 56 చొప్పున 224, మెక్సికోలో పది జట్లు 68 చొప్పున 340. తక్కువొస్తే ఏదో ఆట ఎక్కించడం మర్చిపోయినట్టు, లేదంటే వానకు రద్దయినట్టు. ఎక్కువొస్తే వాయిదా పడిన ఆట రెండు తేదీల కింద పడినట్టు, ఇదే ఎక్కువసార్లు జరుగుతుంది.

రౌండ్ రాబిన్ మొదలవగానే ఆటగాళ్లు జట్లు మారతారు. బయటికి వెళ్లిన రెండు జట్ల నుంచి మిగిలిన నాలుగు జట్లు మనుషులను ఎంచుకుంటాయి, వీళ్లను "రెఫ్వెర్సో" అంటారు. కరీబియన్ సిరీస్‌కు వెళ్లే విజేత మళ్లీ ఇంకొందరిని తెచ్చుకుంటుంది. అంటే ఒకే శీతాకాలంలో ఒకే మనిషి మీద మూడు చొక్కాలు. యాప్ చివరి చొక్కానే గుర్తుంచుకుని, నవంబర్ ఆటలకూ దాన్నే తొడుగుతుంది. పేరున్న ఆటగాడు ఎక్కడా కనిపించకపోతే అది యాప్ తప్పు కాకపోవచ్చు. అలసట పేరుతో మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి లీగు) క్లబ్బులు తమ ఆటగాళ్లను ఇక్కడ ఆడకుండా ఆపే ఒప్పందం ఉంది.

ఇక పేరున్న ఆటగాళ్ల పుట్టినరోజులు. శీతాకాలం ఈ విషయంలో బాగా కలిసొచ్చే కాలం. డొమినికన్ సీజన్ తలుపు తీసే రోజుల్లోనే, అక్టోబర్ 20న హ్వాన్ మరిచాల్ (1937), మికీ మ్యాంటిల్ (1931). శాంటో డొమింగో స్టేడియానికి మరిచాల్ పేరే ఉంది. అక్టోబర్ 25న పెడ్రో మార్టినెజ్ (1971), హ్వాన్ సోటో (1998). నవంబర్ 21న స్టాన్ మ్యూజియల్ (1920), కెన్ గ్రిఫీ జూనియర్ (1969), ఇద్దరూ పెన్సిల్వేనియాలోని డొనోరా అనే ఒకే చిన్న ఊళ్లో. క్రిస్మస్ నాడు రికీ హెండర్సన్ (1958). జనవరి 1న తండ్రి ఫెర్నాండో టాటిస్ (1975), మర్నాడు 2న అదే పేరున్న కొడుకు (1999). తండ్రి మేనేజర్‌గా ఉన్న ఎస్త్రెయాస్ జట్టు 51 ఏళ్ల ఎదురుచూపు తర్వాత 2019 జనవరిలో డొమినికన్ లీగు గెలిచినప్పుడు కొడుకూ ఆ జట్టువాడే. జనవరి 31న జాకీ రాబిన్సన్ (1919), ఎర్నీ బ్యాంక్స్ (1931), నోలన్ రయన్ (1947). అక్కడికి కరీబియన్ సిరీస్ వచ్చేస్తుంది, ఫిబ్రవరి 5న హ్యాంక్ ఆరన్ (1934), 6న బేబ్ రూత్ (1895).

రూత్ తేదీ కూడా ఒకప్పుడు తప్పే. 1934లో పాస్‌పోర్ట్ కోసం జనన ధ్రువపత్రం తీయించేదాకా తాను 1894 ఫిబ్రవరి 7న పుట్టాననే అనుకున్నాడు. డొమినికన్ ఆటగాళ్ల విషయంలో సవరణలు మరీ ఎక్కువ. 2001 సెప్టెంబర్ తర్వాత వీసా తనిఖీలు బిగిశాక రఫాయెల్ ఫుర్కాల్, బార్తోలో కోలోన్ లాంటివాళ్ల వయసు రికార్డుల్లో పెరిగింది. మిగెల్ తెహాదా తాను పుట్టింది 1976లో కాదు 1974లో అని 2008లో ఒప్పుకున్నాడు. ఫౌస్తో కర్మోనా పేరుతో ఆడిన పిచర్ అసలు పేరు రొబెర్తో ఎర్నాందెస్ అనీ, చెప్పిన దానికన్నా మూడేళ్లు పెద్దవాడనీ 2012లో తేలింది. కాబట్టి యాప్ ఒక తేదీ చూపిస్తే, బేస్‌బాల్ రిఫరెన్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో అదే మనిషి పేజీ తెరిచి పోల్చాలి. అక్కడ సీజన్ల పట్టికలో రాసే వయసు ఆ ఏడాది జూన్ 30 నాటిది, ఆ రోజుకు నిండిన ఏళ్లు. యాప్ ఈ రోజు వయసు రాస్తుంది. డిసెంబర్‌లో పుట్టినవాళ్లకు రెండింటికీ ఏడాది తేడా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

యాప్ నుంచి తేదీలు దించుకుంటే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ఫైల్‌లో నెల ముందు, రోజు వెనక. మన పద్ధతిలో సెట్ చేసిన ఎక్సెల్ 02/05/1934ను మే 2 చేసేస్తుంది, ఆరన్ పుట్టినరోజు వేసవిలోకి వెళ్లిపోతుంది. 01/31/1919ను తేదీగా గుర్తించదు, ఒట్టి అక్షరాలుగా వదిలేస్తుంది. ఇది కాస్త నయం, కంటికి కనిపిస్తుంది. పైగా ఎక్సెల్‌కు 1900కు ముందు తేదీలే లేవు, 1886 డిసెంబర్ 18న పుట్టిన టై కాబ్, రూత్ ఇద్దరూ బయటే. రోజు, నెల, సంవత్సరం మూడు వేర్వేరు గళ్లలో సంఖ్యలుగా పెట్టి, రోజునూ నెలనూ మాత్రమే పోల్చే సూత్రం రాసుకుంటే ఇవన్నీ పోతాయి. ఫిబ్రవరి 29న పుట్టిన పెప్పర్ మార్టిన్ (1904), ఆల్ రోజెన్ (1924) లాంటివాళ్లు మాత్రం నాలుగేళ్లకోసారే వస్తారు. యాప్ కూడా అంతే, మిగతా ఏళ్లలో 28నా చూపదు, మార్చి 1నా చూపదు.

ఆస్ట్రేలియా లీగు గురించి ఒక ముక్క. అక్కడ అది వేసవి, అయినా యాప్ వింటర్ విభాగంలోనే పెడుతుంది. మెల్‌బోర్న్‌లో రాత్రి 7 అంటే మనకు మధ్యాహ్నం 1:30, అదే రోజు. తేదీ గొడవే లేదు, మొదటిసారి వాడేవాళ్లు దానితో మొదలుపెడితే మంచిది.

ఉచిత వెర్షన్‌లో ప్రకటనలు ఉన్నా స్కోరు మీద పడవు. డబ్బు కట్టే వెర్షన్‌లో అదనంగా వచ్చేది ఫైల్ దించుకునే వీలు ఒక్కటే. షీట్ రాసుకునే అలవాటు ఉంటే ఒక నెలకు తీసుకోండి, ఏడాదికి వద్దు. ఆ నెల ఫిబ్రవరి అయ్యుండాలి. కరీబియన్ సిరీస్ అయిపోయి స్ప్రింగ్ ట్రైనింగ్ (మేజర్ లీగ్ జట్ల సీజన్ ముందు సాధన) మొదలవగానే యాప్ వింటర్ విభాగాన్ని ముడిచేస్తుంది. ఆ తర్వాత ఇన్నింగ్స్ వారీ స్కోర్లు ఉండవు, తుది పరుగులే మిగులుతాయి. ఫైనల్ అయిన మర్నాడు ఉదయమే దించుకోవాలి, అప్పటికి మైదానంలో ఇంకా ముందు రోజే.