రంపం మంచిదే, చిక్కంతా షాఫ్టు దగ్గరే

నా బండి నాన్న నడిపిన ఫెర్గూసన్ టీఈ20. 1946 నుంచి 1956 దాకా తయారైన ఆ బూడిదరంగు చిన్న ట్రాక్టరే. దాని వెనక తగిలించి, పీటీఓతో (ఇంజన్ బలాన్ని వెనక పనిముట్టుకి అందించే తిరిగే కడ్డీ) తిప్పే రంపం బల్ల ఒకటి కొని నాలుగు నెలలైంది. 28 అంగుళాల బ్లేడు, దుంగను పెట్టి ముందుకు తోసే ఊగే తొట్టి, రెండు వీ బెల్టులు, నేలమీద ఆనే నాలుగు కాళ్లు. ఇంతే సరంజామా.

కోత గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, బాగా కోస్తుంది. జానెడు మందం ఎండు దుంగని తొట్టిలో పెట్టి నెమ్మదిగా తోస్తే ఇంజన్ మోత కూడా మారదు. 25 సెంటీమీటర్ల మందం దాకా కోయొచ్చని అమ్మినవాళ్లు అన్నారు. నేను 18 దాటనివ్వను. అంతకన్నా లావు దుంగ తొట్టిలో పొర్లుతుంది, బ్లేడును పట్టేస్తుంది. చైన్‌సాతో రోజంతా నడుం వంచి కోసినవాణ్ణి, ఇప్పుడు నిలబడి కోస్తున్నాను. ఆ తేడా నా నడుముకే తెలుసు.

బ్లేడు బిగించే ముందు ఒక పని చేయండి. మధ్య బెజ్జంలోంచి తాడు దూర్చి వేలాడదీసి, కర్రతో మెల్లగా కొట్టండి. గంట కొట్టినట్టు ఖంగుమని సాగాలి. బొంగురుగా మోగితే ఎక్కడో చీలిక ఉన్నట్టే, దాన్ని వాడొద్దు. తర్వాత పళ్ల మధ్య గాడుల అడుగున గుడ్డతో తుడిచి ఒక్కొక్కటీ వెలుతుర్లో చూడండి. చీలికలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. నా బ్లేడు బాగానే మోగింది.

అసలు తలనొప్పి బండికి తగిలించేటప్పుడు మొదలైంది. హిచ్ అంటే పనిముట్టుని బండికి మూడు చోట్ల పట్టే అమరిక: కింద రెండు చేతులు (లింకులు), పైన ఒకటి (టాప్ లింక్). రంపం పిన్నులు చిన్న బండ్ల కొలత కేటగిరీ 1వే, కింద 22 మిల్లీమీటర్లు, టాప్ లింక్ దగ్గర 19. కొలత ప్రకారం సరిపోవాలి. కానీ నా బండి కింది లింకుల చివర పిన్ను దూరే బంతులు ఇన్నేళ్ల వాడకానికి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. దుంగ తోసిన ప్రతిసారీ బల్ల మొత్తం పక్కకి జరిగేది. కొత్త బంతులు వెల్డింగ్ చేయించి, పక్క ఊగుడు ఆపే స్టే బార్లు బిగించాక కుదురుకుంది. పాత బండి ఉన్నవాళ్లు రంపం కొనకముందే ఆ బంతులు చూసుకోండి.

పీటీఓది ఇంకో కథ. ఈ బండి షాఫ్టు 1-1/8 అంగుళాలది. ఇప్పుడొచ్చే పనిముట్లు ఎక్కువగా 1-3/8కి చేసినవి. మధ్యలో అడాప్టర్ కావాలి. నాకు అడాప్టర్, ఓవర్ రన్నింగ్ జాయింటు (బలాన్ని ఒక్క వైపే పంపేది) రెండూ కలిసిన ముక్క దొరికింది. ఆ జాయింటు లేకపోతే క్లచ్ తొక్కినా తిరుగుతున్న బ్లేడు ఊపు వెనక్కొచ్చి గేర్లను తిప్పుతూనే ఉంటుంది, పీటీఓ లివరు కరకరలాడకుండా బయటికి రాదు. అయితే ఆ ముక్క నాలుగు అంగుళాల పొడుగు. దానివల్ల రంపంతో వచ్చిన షాఫ్టు, అంటే ఒకదాన్లో ఒకటి జారే రెండు గొట్టాల కడ్డీ, ఇమడలేదు.

ఇది నేను కాదు, మా తమ్ముడు కనిపెట్టాడు. బెల్టులు తీసేసి, ఇంజన్ స్లోలో పెట్టి లిఫ్టు (వెనక లింకుల్ని ఎత్తే హైడ్రాలిక్) మెల్లగా లేపుతున్నాను. వాడు దూరంగా పక్కన నిలబడి చూస్తున్నాడు. "అన్నా, ఆపు! గొట్టాలు ఆనుకుపోతున్నాయి!" అని అరిచాడు. షాఫ్టు రెండు వైపులా సమానంగా అడ్డంగా వచ్చిన చోటే దూరం అన్నిటికన్నా తక్కువ. అక్కడ లోపలి గొట్టం బయటి గొట్టం అడుగుకి తగిలింది. ఇంకాస్త లేపి ఉంటే పీటీఓ బేరింగు పగిలేది. లోపలిదీ బయటిదీ, వాటి ప్లాస్టిక్ తొడుగులూ అన్నీ 8 సెంటీమీటర్లు కోశాను. అంచులు ఆకురాయితో రాకి, గ్రీజు పూసి మళ్లీ కలిపాను. అంతా లాగినప్పుడు కూడా గొట్టాలు కనీసం మూడో వంతు ఒకదాన్లో ఒకటి ఉండాలి, అదీ కొలుచుకున్నాను. ఈ సంగతి రంపం అమ్మినవాళ్లు ఒక్క కాగితం మీద రాసిస్తే సరిపోయేది. వాళ్లిచ్చిన పుస్తకంలో దీని ఊసే లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

బెల్టులు ఎందుకు తీశానంటే, ఈ బండిలో లిఫ్టు పంపు, పీటీఓ ఒకే లివరు మీద నడుస్తాయి. లిఫ్టు లేపాలంటే షాఫ్టు కూడా తిరగాల్సిందే. షాఫ్టు తగిలించి ఉండగా రంపం ఎత్తితే గాల్లో బ్లేడు తిరుగుతుంది. అందుకే చోటు మార్చాలంటే ముందు షాఫ్టు విప్పేస్తాను, ఎంత తొందరున్నా సరే. కోసేటప్పుడు లిఫ్టు పూర్తిగా దించి బరువంతా కాళ్ల మీద ఉంచుతాను. దీనికి పొజిషన్ కంట్రోల్ (లిఫ్టుని ఒకే ఎత్తులో నిలిపేది) లేదు, లిఫ్టు మీద వేలాడదీసి కోయడం ప్రమాదం.

ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే పీటీఓ 540 దగ్గర ఉంటుంది. పుల్లీలు ఒకటికి రెండు కాబట్టి బ్లేడు 1080, అంటే పళ్ల వేగం సెకనుకు 40 మీటర్లు. నా బ్లేడు మీద గరిష్ఠం 1300 అని కొట్టి ఉంది. ఇంజన్ 2000 దాకా లేపితే బ్లేడు 1450 దాటుతుంది. థ్రాటిల్ క్వాడ్రంట్ (ఇంజన్ వేగం మార్చే లివరు కదిలే పలక) మీద 1500 దగ్గర ఎర్ర రంగుతో గీత గీశాను. ఆ గీత దాటి లివరు కదపనివ్వను.

బెల్టుల కవరు మాత్రం అన్యాయం. పైన, ముందు ఉంది, కింద ఖాళీ. తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి కాలికి జానెడు దూరంలో బెల్టు పరుగెడుతుంది. రేకు వంచి నేనే మూశాను.

త్రీ పాయింట్ హిచ్ లేని బండి ఉంటే, ఉదాహరణకి పాత అమెరికా ట్రాక్టరు ఫార్మాల్ హెచ్, రంపం కోసమే హిచ్ కిట్ బిగించొద్దని నా సలహా. దానికి పక్కన ఫ్లాట్ బెల్టు పుల్లీ ఉంటే అదే మేలు. పొడుగు బెల్టు వేస్తే బండి ఆరేడు మీటర్ల అవతల ఉంటుంది, పొట్టు ఇంజన్ మీద పడదు.

పీటీఓ తీశాక బ్లేడు దానంతటదే ఆగేదాకా నేను కదలను. నిన్న లెక్కపెట్టాను, 41 అంకెలు పట్టింది. వచ్చే నెల బ్లేడు సాన పట్టించి, బెల్టులు రెండూ ఒకేసారి కొత్తవి వేస్తాను.