అల్ట్రాసౌండ్ ప్రోబులకు హైడ్రోజన్ పెరాక్సైడ్ యంత్రం: వాడుతున్నవారి మాట

స్కాన్ చేసేటప్పుడు ఒంటికి తగిలించే పరికరమైన ప్రోబును హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో క్రిమిసంహరణ చేసే యంత్రం ఇది. యోని ద్వారా చేసే స్కాన్లు రోజూ ఉండే చోట దీన్ని కొనాల్సిందే. పొట్ట మీద స్కాన్లు మాత్రమే చేసేవారికి అంత ఖర్చు అక్కరలేదు. గాయాల్లేని చర్మానికి తగిలే ప్రోబుకైతే జెల్ మొత్తం తీసేసి, తయారీదారు ఒప్పుకున్న క్రిమిసంహారక వైప్‌తో తుడిస్తే సరిపోతుంది.

లోపలి పొరలను తాకే ప్రోబు సంగతి వేరు. వైద్య పరికరాలు శరీరంలో ఎక్కడ తగులుతాయో దాన్నిబట్టి వాటిని ఎంతగా శుభ్రం చేయాలో చెప్పే స్పాల్డింగ్ వర్గీకరణ ప్రకారం దానికి ఒక్కొక్క రోగి తర్వాతా ఉన్నత స్థాయి క్రిమిసంహరణ (దాదాపు అన్ని క్రిములనూ చంపేది) జరగాలి, కవరు తొడిగినా సరే. కవరుకు కంటికి ఆనని చిల్లులు ఉండవచ్చు. ఊడదీసేటప్పుడు దాని మీది తడి ప్రోబుకు అంటుకోవచ్చు. "కవరు వేశాం కదా" అని ఎవరైనా అంటే నాకు కోపం ఆగదు. బల్ల మీద పడుకున్న ఆవిడకు ఆ ప్రోబు అంతకుముందు ఎక్కడ ఉందో తెలుసుకునే దారి లేదు.

ఇంతకుముందు మేము ప్రోబును 0.55 శాతం ఆర్థోథాలాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ముంచేవాళ్లం. 20 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు ఉంచాలి, గాఢతను పట్టీతో పరీక్షించాలి, తర్వాత మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. మురికి మిగిలిన చోట బూడిదరంగు మరక పడేది, గ్లౌజులు లేకపోతే వేళ్లకూ అంతే. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం పిడి. ద్రావణంలో మునిగేది కొన వైపు భాగమే. రోగిని తాకిన గ్లౌజులతో మనం పట్టుకునే పిడి బయటే ఉండిపోయేది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్ మీద ఆర్థోథాలాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్ రసాయనాలు సరిగా పనిచేయడం లేదని 2014లో ఒక ప్రయోగశాల అధ్యయనం చెప్పింది. దాన్ని కాదన్న అధ్యయనాలూ తర్వాత వచ్చాయి. పిడి విషయంలో మాత్రం వాదనకు తావే లేదు.

కొత్త యంత్రంలో ప్రోబును గోడలకు తగలకుండా నిలువుగా వేలాడదీసి తలుపు మూస్తాం. 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సన్నని మంచులా మారి కొనకూ పిడికీ అంతటా పడుతుంది. 7 నిమిషాల్లో పని పూర్తి. చివరికి ఆ రసాయనం నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ప్రతిసారీ లోపల ఒక సూచిక బిళ్ల పెట్టాలి. దాని రంగు సరిగా మారితేనే ఆ ప్రోబు తర్వాతి రోగికి. గడియారం చూసి "అయిపోయి ఉంటుందిలే" అనుకునే అవకాశం ఇక లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అయితే ఈ యంత్రం మురికిని కడగదు. జెల్ పొర కింద దాగిన క్రిములను పెరాక్సైడ్ చేరలేదు. ప్రోబు తలకూ పిడికీ మధ్య అతుకులో, సూదిని సరైన దారిలో నడిపే గైడును బిగించే గాడిలో జెల్ ఎండిపోయి సన్నని తెల్ల గీతలా ఉంటుంది. ఎదురుగా చూస్తే కనిపించదు; దీపం కింద ఏటవాలుగా తిప్పితే మెరుస్తుంది. దాన్ని మెత్తని బ్రష్‌తో తీసి, కడిగి, నూలు పోగులు రాలని బట్టతో పూర్తిగా ఆరబెట్టాకే లోపల పెట్టాలి. తడి ఉంటే యంత్రం మధ్యలోనే ఆగిపోవచ్చు. తీగనూ ప్లగ్గునూ యంత్రం పట్టించుకోదు, వాటిని విడిగా తుడవాల్సిందే.

ఇబ్బందులు లేకపోలేదు. పెరాక్సైడ్ సీసాలు, సూచిక బిళ్లల ఖర్చు ఆగేది కాదు. గాఢమైన పెరాక్సైడ్ చర్మానికి తగిలితే తెల్లగా కాలి మండుతుంది, సీసా మార్చేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి. కడగడం, ఆరబెట్టడం కలిపితే అసలు సమయం 7 నిమిషాలు దాటుతుంది కాబట్టి రెండో ప్రోబు లేకపోతే రోగులు బయట కూర్చోవాల్సి వస్తుంది. తొందరపెట్టే రద్దీ గంటల్లో శుభ్రం చేసే పనే ముందు కుదించుకుపోతుంది. అందుకే యంత్రానికి డబ్బు కేటాయించేటప్పుడే రెండో ప్రోబునూ అందులో చేర్చమంటాను.

కొనేముందు మీ దగ్గరున్న ప్రోబుల మోడల్ సంఖ్యలన్నీ రాసి ఇచ్చి, ఒక్కొక్కటీ ఈ యంత్రంలో పెట్టవచ్చని ప్రోబు తయారీదారు నుంచే రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మకందారు నోటిమాట సరిపోదు.