గాలానికి అల్లిక దారం: ముట్టుకాడు, కోవళంలో మూడేళ్ల వాడకం

చెన్నైలో ఉంటూ ఆదివారాలు ముట్టుకాడు ఉప్పుటేరు గట్టునా, కోవళం రాళ్ల మీదా గాలం వేసే నేను మూడేళ్ల కిందట తంగూసును, అంటే ఒంటి పోగు నైలాన్ దారాన్ని వదిలి బ్రెయిడ్‌కు, అంటే పేటలుగా అల్లిన దారానికి మారాను. ఇంతవరకు నాలుగు స్పూళ్లు కొన్నాను, వాటిలో రెండు డబ్బు దండగ. దారం నాసిరకం కావడం అందుకు ఒక కారణమైతే, డబ్బా మీద చూడవలసిన అంకెను వదిలి మరో అంకెను చూడడం అంతకన్నా పెద్ద కారణం.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది పౌండ్ల లెక్క, అంటే దారం ఎంత బరువు దాకా తెగకుండా ఆగుతుందన్నది. మొదటిసారి ఆన్‌లైన్‌లో చవకగా దొరికిందని 40 పౌండ్లు, మందం 0.20 మి.మీ. అని రాసి ఉన్న దారం 300 మీటర్లు తెప్పించాను. ఆ మందానికి మొత్తం పట్టవలసిన రీలులో సగం దాటగానే స్పూలు అంచుల దాకా నిండిపోయింది. అనుమానం వచ్చి, పెన్సిలుకు ఒకదాన్నొకటి ఆనుకునేలా 30 చుట్లు చుట్టి స్కేలు పెట్టి చూస్తే 9 మిల్లీమీటర్లు దాటింది. రాసిన మందమే నిజమైతే 6 దగ్గర ఆగాలి. అల్లిక దారం పూర్తిగా గుండ్రంగా ఉండదు, బిగిస్తే అణుగుతుంది కనుక ఈ కొలత కచ్చితమైనది కాదు గాని, బండారం బయటపెట్టడానికి చాలు. ఇప్పుడు నేను ముందుగా చూసేది దారం మందాన్ని తెలిపే పీఈ సంఖ్య: పీఈ 1 అంటే సుమారు 0.165, పీఈ 2 అంటే సుమారు 0.235 మి.మీ. పౌండ్ల సంగతి ఆ తర్వాతే.

ఈ దారాలను చాలా ఎక్కువ అణుభారం గల పాలిథిలిన్ పోగుతో అల్లుతారు; డైనీమా, స్పెక్ట్రా అన్నవి ఆ పోగుకు ఉన్న వ్యాపార నామాలే. అది నీటి మీద తేలుతుంది, దాదాపు సాగదు. ఈ సాగకపోవడమే దాని గుణం, దాని దోషం కూడా. 50 మీటర్ల అవతల చేప ఎరను ముక్కుతో పొడిచినా దారాన్ని ఆనించిన వేలికి తెలుస్తుంది. అయితే గట్టు దాకా వచ్చిన పండుగప్ప కాళ్ల దగ్గర ఒక్కసారిగా ఎగిరి తల విదిల్చినప్పుడు తంగూసు సాగి ఓర్చుకుంటుంది. బ్రెయిడ్ ఓర్చుకోదు, గాలం నోటి నుంచి ఊడి మన మీదికే వస్తుంది. మొదటి ఏడాది అలా రెండు పోయాకే, చేప గుంజితే దారాన్ని వదిలే రీలు బిగువును, అంటే డ్రాగ్‌ను వదులుగా ఉంచడం నేర్చుకున్నాను. తంగూసు తప్ప మరొకటి ముట్టని మా బావమరిది ఆ రెండు చేపల సంగతి ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటాడు.

ఇక నాలుగు పేటలా, ఎనిమిది పేటలా అన్నది ఎక్కడ నిలబడి వేస్తామన్న దానిని బట్టి తేల్చుకోవాలి. ఎనిమిది పేటల దారం నున్నగా, చప్పుడు లేకుండా రాడ్డు రింగుల్లోంచి జారిపోయి దూరం వెళుతుంది. కాని అదే మందంలో ఒక్కొక్క పేట సన్నబడుతుంది కనుక, కోవళం రాళ్లకు అంటుకున్న గుల్లల అంచు తగిలితే త్వరగా తెగుతుంది. నాలుగు పేటలది తిప్పుతున్నంతసేపూ గరగరలాడుతుంది, అయినా ఆ రాళ్ల దగ్గర నాకు ఎక్కువ కాలం నిలిచింది అదే. ఏదైనా చివర రెండు బారల మందపాటి తంగూసు కట్టకుండా నేను వేయను. రాతి దెబ్బ మొదట దానికే తగులుతుంది.

దారం మంచిదైనా ముడి సరిగా లేకపోతే దండగే. ఈ పోగు జారుడుది కనుక తంగూసుకు వేసే మామూలు ముడి నిలవదు. సామాను తూచే చేతి త్రాసుకు కట్టి లాగి చూస్తే, 20 పౌండ్ల, అంటే 9 కిలోల దారానికి నా పాత ముడి 4 కిలోలకే జారిపోయింది. దారాన్ని రెండు పేటలుగా మడిచి వేసే పాలొమార్ ముడి 7 కిలోల దాకా ఆగింది. ఖాళీ స్పూలు మీద కూడా అంతే, అడుగున కొన్ని చుట్లు తంగూసు వేయకపోతే దారమంతా కట్టగా గిర్రున తిరుగుతుంది.

గాలం రాళ్లలో చిక్కుకుంటే దారాన్ని వట్టి చేతికి చుట్టి లాగకూడదు. నా చూపుడు వేలి మీది గీత అలా వచ్చిందే. చిన్న కర్ర ముక్కకు చుట్టి లాగుతాను. తెగిన ముక్కలను ఇంటికి తెచ్చేస్తాను, ఉప్పుటేరులో కొంగల కాళ్లకు అవి చుట్టుకుంటే విడిపించే నాథుడు లేడు.

రంగు వెలవడం గురించి చాలామంది బెంగపడతారు. ఈ పోగుకు రంగు లోపలికి పట్టదు, పైపూతగానే ఉంటుంది కనుక వెలుస్తుంది. సత్తువ తగ్గిందనడానికి చూడవలసినది పైకి లేచిన నూగు. ప్రస్తుతం ఉప్పుటేరుకు ఎనిమిది పేటల పీఈ 1.5, కోవళానికి నాలుగు పేటల పీఈ 3 వాడుతున్నాను. మొదటిదాన్ని ఏడాది నిండాక కొస మార్చి తిరగేసి చుట్టాను. ఎండా ఉప్పూ తిన్న భాగం తెల్లబడి అడుగుకు వెళ్లింది, ఇన్నాళ్లూ అడుగున ఉన్నది కొన్ననాటిలాగే ఆకుపచ్చగా పైకి వచ్చింది.